పది నలభై రెండుకి పోటు

గుమాస్తా ఆ ఉదయం అయిదింటికే లేచి, గడియారం వంక కాకుండా గోడకు అంటించిన కాగితం వంక చూశాడు. అది అతను సొంత చేత్తో లెక్కకట్టిన పోటు పట్టిక. హార్బరు ఆఫీసులో అతని ఉద్యోగమే అది: సముద్రం ఏ రోజు ఎన్ని గంటలకు పొంగుతుందో, ఎన్ని గంటలకు తగ్గుతుందో నెల ముందుగా లెక్కలు వేసి అచ్చుకి ఇవ్వడం. పంతొమ్మిదేళ్ళుగా ఓడల కెప్టెన్లు ఆ కాగితాన్ని నమ్ముకుని రేవులోకి వస్తున్నారు. ఇంట్లో మాత్రం పాలు పొంగుతున్నాయని అతను చెప్పినా ఎవరూ నమ్మరు.

ఆ ఇంట్లో నెల రోజులుగా యుద్ధం నడుస్తోంది. ఈ నగరం వదిలి పోదామని భార్య, చచ్చినా కదలనని అతను. ఆమె ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని హోటళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫారాలు కుడుతుంది. ఉప్పుగాలికి ఆమె సూదులు తుప్పు పడతాయి, కత్తెర బిగుసుకుపోతుంది. మేడ మీద ఉన్న రెండు గదుల్లో ఒకటి బట్టల మూటలకే సరిపోతుంది, మిగిలిన దాంట్లో మనుషులు సర్దుకోవాలి. సముద్రపు చెమ్మకి వాకిలి తలుపు ఉబ్బిపోయి, భుజంతో ఒకటి, కాలితో ఒకటి ఇస్తే గాని తెరుచుకోదు. బస్సు రెండు స్టాపులు దాటేలోపు తను రెండు చొక్కాలు కుట్టగలనని ఆమె లెక్క చెబుతుంది. అతనేమో చేతిలో పని ఉన్నవాడు ఇక్కడ పస్తుండడంటాడు, పక్క వీధిలోనే పెద్దాసుపత్రి ఉందంటాడు, సాయంత్రమయితే ఇలాంటి గాలి డబ్బిచ్చినా దొరకదంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే కాబట్టి వాదన తెగే మార్గం లేదు.

తెంచడానికి ఆమె అన్నగారు వస్తున్నాడు. సముద్రానికి ఒక పగలు, ఒక రాత్రి దూరంలో ఉన్న ఊళ్ళో ఆయన లారీలు తూచే కాటా నడుపుతాడు. ఆ ఊరి మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో, ట్యాంకుల్లో నీటిమట్టం రాసుకునే ఉద్యోగం ఒకటి బావగారి కోసం చూసిపెట్టాడు. మూడు గదుల క్వార్టర్సు, వెనక పెరడు. అయితే ఔననో కాదనో ఇవాళ సాయంత్రం ఆరింటిలోగా అక్కడి ఇంజనీరుకి ఫోన్లో చెప్పాలి. అన్నగారు ఒకరోజు ఉండి నగరాన్ని చూసి ఏ మాట చెబితే ఆ మాటకి కట్టుబడతామని మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఒప్పుకున్నారు. అన్నయ్య తన పక్షమేనని ఆమె ధీమా. ఒక్కరోజు చాలు, ఈ నగరం ఎవరినైనా తనవైపు తిప్పుకుంటుందని అతని ధీమా.

చిక్కల్లా ఆ ఒక్కరోజు అమావాస్య కావడం. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం కాలువలోకి ఎగదన్నుతుంది, కాలువ మురుగు మూతల్లోంచి వాళ్ళ వీధిలోకి వస్తుంది. మోకాలి లోతు, గంటసేపు. ఆ సంగతి గోడల మీద చారలని బట్టి అతనికి తెలుసు గాని, ఈ ఇంటికి వచ్చిన పదకొండేళ్ళలో ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. ఆ నీళ్ళు వచ్చేది పొద్దెక్కాక, అతను ఆఫీసులో ఉన్నప్పుడు. మళ్ళీ వచ్చేది అతను గుర్రుపెట్టే వేళకి. అలాంటి రోజుల్లోనే రేవులో పని ఎక్కువ, ఆదివారమైనా సెలవు దొరకదు. ఈసారి మాత్రం పై అధికారిని బతిమాలి సెలవు పెట్టాడు.

పట్టిక ప్రకారం పోటు పది నలభై రెండుకి. అందుకని ముందురోజు సాయంత్రమే భార్యకి పథకం చెప్పాడు. ఏడున్నరకి బస్సు దిగుతారు, స్నానం, టిఫిను, తొమ్మిదిన్నరకి బయటపడటం. లైట్‌హౌసు, లాంచీ షికారు. పన్నెండున్నరకి తిరిగొచ్చేసరికి వీధిలో నీళ్ళు వచ్చిన జాడ కూడా ఉండదు. పళ్ళ మధ్య దారం పట్టుకుని వింటున్న భార్య, ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ దారం కొరికింది. ఆ మౌనాన్ని అతను అంగీకారం కింద జమకట్టుకున్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. బావగారు భుజంతో కుమ్మి ఇంట్లోకి రావడమేమిటని, వడ్రంగి దగ్గర చిత్రిక అరువు తెచ్చి, రెండు గంటలు చెమటోడ్చి తలుపు అంచులు చెక్కేశాడు. పదకొండేళ్ళుగా ఏనుగులా మొరాయించిన తలుపు చిటికెన వేలితో నెడితే తెరుచుకుంది. అతను దాన్ని ఆరేడుసార్లు తెరిచి మూసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

అన్నగారు సరిగ్గా వేళకే దిగాడు. భారీ మనిషి, కొత్త తెల్లబూట్లు, చొక్కా జేబులో చిన్న పుస్తకం. కాటా దగ్గర ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి కావడంతో ఏదైనా ముందు గట్టిగా పైకి చెప్పి, తర్వాతే రాసుకోవడం ఆయనకి అలవాటు. లారీ డ్రైవరు వినకుండా అంకె రాస్తే తర్వాత తగువులొస్తాయి. బస్టాండు నుంచి ఇంటికొచ్చేలోపే "హారన్లు ఎక్కువ" అని ఒకసారి, "రోడ్డు వెడల్పు" అని ఒకసారి ప్రకటించి రాసుకున్నాడు. పుస్తకంలో ప్రతి పేజీకీ నడిమి గీత ఉంది. ఎడమవైపు మంచి, కుడివైపు చెడ్డ.

తలుపు చిటికెన వేలికి తెరుచుకోవడం ఆయన గమనించలేదు. బాగున్నవాటిని ఎవరు గమనిస్తారు? ఆయన స్నానానికి వెళ్ళగానే గుమాస్తా కిటికీలన్నీ బార్లా తెరిచాడు, గాలి ఎడమవైపు కాలంలో పడాలని. అప్పుడు గుర్తొచ్చింది, గదిలో ఇంకా నాలుగు మూటలున్నాయని. ఒక పెద్ద హోటలు వాళ్ళకి కుట్టిన నలభై జతల తెల్ల యూనిఫారాలవి. మధ్యాహ్నం పన్నెండింటికి హోటలు మేనేజరు వచ్చి పట్టుకెళతాడు. ఇల్లు విశాలంగా కనిపించాలంటే అవి మేడ కింది సెలూన్‌లో ఉండాలి. మొగుడూ పెళ్ళామూ చెరి రెండు మూటలు మోసుకుని మెట్లు దిగారు. బెంచీ మీద పెట్టి పైకి వస్తుండగా, ఎంతో ఘనత వహించిన సముద్రపు గాలి ఒక్కసారి విసిరింది. పైన తలుపు ధడాల్మని మూసుకుంది.

ఉబ్బిన తలుపు ఏళ్ళ తరబడి చివరిదాకా మూసుకున్నదే లేదు. అది బిగుసుకుని నిలబడటమే తాళం కింద లెక్క, పక్కన ఒక గొళ్ళెం. నిన్న మెల్లగా మూసినప్పుడు తాళం పట్టని చెక్కిన తలుపు, ఇప్పుడు ఈ విసురుకి చక్కగా వెళ్ళి ద్వారబంధంలో కూర్చుంది, తాళం నాలుక తన కన్నంలోకి దూరింది, ఇన్నేళ్ళ తుప్పుతో అక్కడే స్థిరపడింది. గుమాస్తా తాళంచెవి పెట్టి తిప్పాడు. రాలేదు. గట్టిగా తిప్పాడు. సగం చెవి చేతిలోకి వచ్చింది, సగం తాళంలో ఉండిపోయింది.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. కాసేపటికి అన్నగారి గొంతు తలుపు దగ్గరికి వచ్చింది.

"బావగారూ, లోపలి పిడి కూడా తిరగడం లేదండీ."

"మీరు కంగారు పడకండి బావగారూ. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని గాలికి కూర్చోండి. అయిదు నిమిషాల్లో తీసేస్తాను."

తాళాలు బాగుచేసే మేస్త్రీని పిలుచుకొస్తానని భార్య వెంటనే అంది. గుమాస్తా ఒప్పుకోలేదు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. బయటి మనిషి వస్తే ఇంటి పరువు పోతుంది, అదీగాక టైము ఇంకా తొమ్మిదే. జడపిన్నుతో ప్రయత్నించాడు. సెలూన్‌లోంచి కొబ్బరినూనె తెచ్చి పోశాడు. కత్తెర మొనతో పొడిచాడు. భుజంతో ఒకటి, కాలితో ఒకటి ఇచ్చాడు, కాని అది ఉబ్బిన తలుపు భాష, చెక్కిన తలుపుకి అర్థం కాలేదు. లోపల నుంచి అన్నగారు మాత్రం ఓపిగ్గా తూకాలు ప్రకటిస్తున్నాడు. గాలి బాగుంది, ఎడమవైపు. తలుపు రాలేదు, కుడివైపు. కిటికీ ఊచలకి తుప్పు, కుడివైపు. అటుగా పళ్ళబండి, కూరలబండి, చెప్పులు కుట్టేవాడు ఒకరి వెనక ఒకరు వచ్చారు, ఏది కావాలన్నా కాళ్ళ దగ్గరికి వస్తోంది, ఎడమవైపు. గుమాస్తా కత్తెర ఆపి ఆ చివరిది రెండోసారి రాయమని కోరాడు.

పదింటికి ఇంకా పది నిమిషాలుందనగా భార్య ఇక అతన్ని అడగలేదు. ఫోను ఇంట్లో ఉండిపోయినా లెక్కచేయక చెప్పులేసుకుని, వంతెన అవతల ఉన్న తాళాల మేస్త్రీ కోసం బస్సెక్కింది. మెట్లు దిగుతూ ఒకసారి ఆగి వెనక్కి చూసింది.

గుమాస్తాకి ఇప్పుడు ఒకటే భయం. పది నలభై రెండుకి బావగారు లైట్‌హౌసు మీద ఉండాల్సింది పోయి, ఆ వీధి మొత్తానికీ బాగా కనబడే కిటికీ దగ్గర, కుర్చీలో, చేతిలో పుస్తకంతో కూర్చుని ఉన్నాడు. చేజేతులా కూర్చోబెట్టింది తనే. గుమాస్తా తలుపుకి చెవి ఆనించి నిలబడి గడియారం చూసుకున్నాడు. పది ముప్పై. పది నలభై. నలభై రెండు. లోపల నుంచి ఏ ప్రకటనా లేదు. మరో పావుగంట చూసి, ఉండబట్టలేక కిందికి పరుగెత్తాడు.

వీధి పొడిగా ఉంది. మురుగు మూతలన్నీ బుద్ధిగా వాటి చోట్లలో ఉన్నాయి. అతనికి కళ్ళ నీళ్ళొచ్చినంత పనైంది. పంతొమ్మిదేళ్ళు సేవ చేసినందుకు సముద్రం ఈ ఒక్కరోజు తన మొహం చూసి ఆగిందనుకున్నాడు. ఈ ఊరు వదలడానికి తనకి ఎందుకు మనసొప్పదో ఇప్పుడు భార్యకి చెప్పగలననుకున్నాడు.

సెలూన్ యజమాని గుమ్మంలోకి వచ్చి, కస్టమర్లకి బెంచీ కావాలనీ, ఆ మూటలు పైకి ఎత్తి పెట్టడానికి చోటు లేదనీ, కాసేపు కింద పెట్టవచ్చా అనీ అడిగాడు. అడిగి, కొంచెం సందేహించాడు.

"అక్క ఇంకా పళ్ళెం కొట్టలేదు కదండీ. అందుకని."

"పళ్ళెమేమిటి?"

నీళ్ళొచ్చే రోజున పైన కిటికీలోంచి అక్క, అంటే గుమాస్తా భార్య, పళ్ళెం మీద గరిటెతో కొడుతుందని అతను చెప్పాడు. మూల మీద మూత ఒకటి గుడగుడమంటుందట, అది అక్కకే కనబడుతుంది. ఆ చప్పుడు వినగానే వీధిలో పది షాపులూ సామాను పైకి ఎత్తేస్తాయి. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. గుమాస్తా ఈ ముక్క వినడం ఇదే మొదలు. అతనికి నవ్వొచ్చింది. ఓడలు నడిపే పట్టిక ఇంట్లో పెట్టుకుని ఈవిడ పళ్ళేలు వాయిస్తోందా అనుకున్నాడు.

"పళ్ళెం అక్కర్లేదయ్యా. పట్టిక రాసేది నేనే. పోటు పది నలభై రెండుకి వచ్చింది, వెళ్ళింది. నిశ్చింతగా కింద పెట్టు."

హార్బరు ఆఫీసులో మనిషి చెప్పిన మాట. అది సెలూన్ నుంచి జిరాక్స్ షాపుకి, అక్కడి నుంచి చెప్పుల షాపుకి, అలా వీధి చివరిదాకా వెళ్ళింది. పొద్దుటి నుంచి ఎందుకైనా మంచిదని బల్లల మీదకి ఎక్కించిన అట్టపెట్టెలు కూడా కొందరు దింపేశారు. గుమాస్తా ఆ దృశ్యం గర్వంగా చూసి పైకి వెళ్ళాడు.

అతనికి తట్టనిదల్లా ఒక్కటే. ఆ పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో "ఈ వేళలు రేవు ముఖద్వారానికి మాత్రమే" అని ఉంటుంది. సముద్రం ముఖద్వారం దగ్గర పొంగాక, కాలువలో పడి, మెలికలు తిరుగుతూ వాళ్ళ వీధికి చేరేసరికి ఇంకో గంట పడుతుంది. ఆ చిన్న అక్షరాలు ప్రతినెలా రాసేదీ అతనే. చిన్న అక్షరాలు రాసేవాడు కూడా చదవడు.

పదకొండుం పావుకి అతని ఫోను మోగింది. తెలియని నంబరు. మాట్లాడింది భార్య. మేస్త్రీ దొరికాడట, ఈ ఫోను అతనిదేనట, బస్సు మాత్రం వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని అంగుళం కదలడం లేదట.

"ఏమండీ, కింద కాలువ నిండుగా ఉంది. పరుగెత్తి సెలూన్ ఆయనకి చెప్పండి, సామాను ఎత్తమని."

"పోటు అయిపోయిందే. నువ్వు చూస్తున్నది పాటు. నీళ్ళు వెనక్కి వెళుతున్నాయి."

"వెనక్కి కాదండీ, మనింటి వైపే వెళుతున్నాయి."

"పంతొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్నాను. నువ్వు మేస్త్రీని తీసుకుని రా, చాలు."

ఫోను పెట్టేసి, పాపం కంగారులో ఉందని జాలిపడ్డాడు. పావుగంట గడవకముందే తలుపు అవతల నుంచి అన్నగారి గొంతు వినిపించింది. మూల మీద ఉన్న మూత ఒకటి గుడగుడమంటోందట, దాని చుట్టూ నీళ్ళు బుగ్గలా పైకి లేస్తున్నాయట, ఇది ఈ ఊళ్ళో మామూలేనా అని ఆయన మర్యాదగా అడిగాడు, ఎటువైపు రాయాలో తెలియక. మునిసిపాలిటీ వాళ్ళ పంపేదో పగిలి ఉంటుందని గుమాస్తా చెప్పాడు. రెండో మూత నుంచి కూడా వస్తున్నాయని ఆయన అన్నాడు. రెండు పంపులు పగిలి ఉంటాయని గుమాస్తా అన్నాడు. మూడోది ఆయన చెప్పలేదు, కింద నుంచి కేకలే చెప్పాయి.

గుమాస్తా దిగేసరికి ఆఖరి మెట్టు నీళ్ళలో ఉంది. వీధి వీధంతా బూడిదరంగు నీళ్ళు నింపాదిగా, ఏమాత్రం తొందర లేకుండా లేస్తున్నాయి. సెలూన్‌లో సగం గడ్డం గీసిన పెద్దమనిషి, మెడలో తువ్వాలుతో, తిరిగే కుర్చీ మీద నిలబడి సమతూకం కోసం తంటాలు పడుతున్నాడు. జిరాక్స్ షాపు కాగితాలు వరసగా వీధి దాటుతున్నాయి. చెప్పుల షాపులోంచి ఎడమకాలి చెప్పులన్నీ బయటికొచ్చాయి. నాలుగు తెల్ల మూటలు సెలూన్ గుమ్మం దగ్గర మెల్లగా తిరుగుతున్నాయి. అతను రెండింటిని చంకలో పెట్టుకుని మూడోదాన్ని పళ్ళతో పట్టుకోబోయి, మురుగు మూత అంచు తట్టుకుని, మూటలతో సహా బోర్లా పడ్డాడు.

లేచి చూసేసరికి అడ్డంగా ఒక రిక్షా ఆగి ఉంది. దాని మీద కాళ్ళు పైకి ముడుచుకుని హోటలు మేనేజరు కూర్చున్నాడు. పన్నెండంటే పన్నెండే. మనిషి వేళ తప్పడు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. మేనేజరు తన నలభై జతలనీ గుర్తుపట్టి, గడియారం చూసుకున్నాడు. సెలూన్ యజమాని తేలుతున్న బెంచీని ఎత్తుకుని గుమాస్తా పక్కనుంచి తప్పుకు వెళ్ళాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేదని అతనికి అనిపించింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మూట మీది నీళ్ళు చేత్తో పిండుతూ నిలబడ్డాడు.

భార్య వంతెన మీదే బస్సు దిగి నడిచి వచ్చింది. చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, వెనక సంచీ నెత్తిన పెట్టుకున్న మేస్త్రీతో, వీధి మొదట్లో ఆగి ఒకసారి అటూ ఇటూ చూసింది. మొగుడి వంక చూడలేదు. మేస్త్రీని పైకి పంపింది. అతను తలుపు వంక చూసి, సంచీ అయినా విప్పకుండా, జేబులోంచి ఒక సన్నని రేకుముక్క తీసి తలుపుకీ ద్వారబంధానికీ మధ్య దూర్చి, తాళం నాలుకని వెనక్కి నెట్టాడు. తలుపు చిటికెన వేలికి తెరుచుకుంది.

"ఇంత సందు ఉండగా తాళంతో కుస్తీ ఎందుకు పట్టారండీ" అని అడిగాడు. చిత్రిక పట్టింది తనేనని గుమాస్తా చెప్పలేదు.

కింద ఆమె అప్పటికే పని మొదలుపెట్టింది. మేనేజరుతో సాయంత్రం అయిదున్నరకి రమ్మంది. అది విన్నపంలా లేదు, ఆయన సరేనని రిక్షా తిప్పించుకున్నాడు. ఉప్పునీళ్ళు బట్టలో ఆరితే చారలు కడతాయి కాబట్టి తడి ఆరకముందే మూడుసార్లు మంచినీళ్ళలో జాడించాలని, మేడ మీది ట్యాంకు తెరిపించింది. సెలూన్‌లో జుట్టు ఆరబెట్టే మిషన్లు నాలుగూ పైకి వచ్చాయి. జిరాక్స్ షాపువాడు తన కాగితాలు ఎలాగూ పోయాయి కాబట్టి ఇస్త్రీపెట్టె పట్టుకున్నాడు. సగం గడ్డం పెద్దమనిషి, ఇలా బయటికి వెళ్ళలేను గనక ఇక్కడే ఉంటానని, గుండీలు ఊడినవి ఏరాడు. మంచమంతా చొక్కాలు, కిటికీ నిండా ప్యాంట్లు. రెండు గదుల్లో పదిమంది మనుషులు ఎలా పట్టారో అన్నగారికి అర్థం కాలేదు. ఆయన చేతిలో కూడా ఒక మిషను పెట్టి, కాలర్లకి వేడిగాలి కొట్టమంది చెల్లెలు. మూడు గంటలు కొట్టాడు. కొత్త బూట్లు నీళ్ళలో పాడవుతాయని చేతిలో పట్టుకుని తిరిగినా అవి తడవడంతో, చివరికి వాటినీ ఆరబెట్టాడు.

అయిదున్నరకి ముప్పై ఆరు జతలు తెల్లగా మడతలు పడి మేనేజరుతో వెళ్ళాయి. మిగిలిన నాలుగింటికి తుప్పు మరకలున్నాయి, ఇంకోసారి ఉతికి రేపు ఇస్తానని ఆమె అంది. ఇరుగుపొరుగు వెళ్ళిపోయారు. వీధి ఎప్పుడో ఆరింది. ముగ్గురే మిగిలారు. అన్నగారు పుస్తకం తీసి, గొంతు సవరించుకుని, ఎడమవైపు పద్నాలుగు, కుడివైపు ముప్పై ఒకటి అని ప్రకటించాడు. టైము ఆరుకి పావు తక్కువ. ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

గుమాస్తా అభ్యంతరం చెప్పలేదు. పొద్దుటి నుంచి బిగబట్టిన పట్టుదల ఎక్కడో మూటలతో పాటు తడిసిపోయింది.

"ఔనని చెప్పండి బావగారూ. రేపటి నుంచి ఈ వీధిలో ఎలా నడవను? కెప్టెన్లకి చెప్పగలను గాని నా ఇంటి గుమ్మానికి చెప్పలేకపోయాను. ట్యాంకులో నీళ్ళయితే ఎక్కడివక్కడే ఉంటాయి."

అన్నగారు తల ఊపి, చెల్లెలి వంక తిరిగి, ఇది కూడా ఒక ఊరేనా, ఇక్కడ నిన్ను పట్టించుకునేవాళ్ళెవరు, సామాను ఎప్పుడు కట్టుకుంటావని అడిగాడు. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"నీళ్ళు పదకొండున్నర దాటాకే వస్తాయని నాకు తెలుసు అన్నయ్యా. నిన్న ఈయన పథకం చెబుతున్నప్పుడే తెలుసు. మీరు పన్నెండున్నరకి తిరిగొచ్చి మోకాలి లోతు నీళ్ళలో దిగాలని నోరు మూసుకున్నాను. వీధికి మాత్రం ముందుగానే పళ్ళెం కొట్టి మీతో బయల్దేరదామనుకున్నాను." ఆమె మడతపెట్టిన చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది. "వంతెన మీద బస్సులో కూర్చుని ఆ కాలువ చూస్తుంటే ఏడుపొచ్చింది. అందరి షాపులూ నా కళ్ళ ముందు కనబడ్డాయి. పదకొండులోపు వచ్చేస్తాననుకుని, ఒక్క పూట నేను కిటికీ దగ్గర లేను. నేను రాను అన్నయ్యా. నా సూదులు తుప్పు పడితే కొత్తవి కొనుక్కుంటాను."

అన్నగారు పుస్తకం పేజీలు వెనక్కి తిప్పాడు. కాటా దగ్గర సరుకు ఎంతుందో తెలియాలంటే లారీని సరుకుతో ఒకసారి, దింపాక ఒకసారి తూస్తారని, తేడాయే అసలు తూకమని నెమ్మదిగా అన్నాడు. ఈ వీధిని తను ఇవాళ చెల్లెలు లేకుండా తూచాడు. రేపు ఆమె ఉండగా తూచే ఓపిక లేదు గాని, తేడా ఎంతో తెలిసిందన్నాడు. ఎడమవైపు ఒక ముక్క రాశాడు. జీవితంలో మొదటిసారి పైకి చెప్పకుండా రాశాడు. తర్వాత ఇంజనీరుకి ఫోను చేసి, మా వాళ్ళు రారని చెప్పాడు.

గుమాస్తా అప్పటికే మనసులో రాజీనామా ఉత్తరం రెండు పేరాలు రాసేసుకుని, పెరట్లో ఏం మొక్కలు వేయాలా అనే దగ్గర ఉన్నాడు. అదేమిటి, నేను ఔనన్నాను కదా అని నసిగాడు. మూడు గదుల సంగతి గుర్తుచేశాడు. ఉప్పుగాలి గురించీ, బస్సుల గురించీ నెల రోజులుగా ఆమె చెప్పినవన్నీ ఆమెకే తిరిగి చెప్పాడు. ఆమె పూర్తిగా విని, నీళ్ళ బకెట్టు అతని ముందుకు జరిపింది.

నెల రోజులు పట్టుబట్టి కోరుకున్నదే దక్కింది గనక, ఇక ఎవరితో వాదించాలో తెలియక, గుమాస్తా మిగిలిన నాలుగు జతలూ ఉతకడం మొదలుపెట్టాడు.